నాలుగు రోజులు, ఐదు సంచులు: బియ్యం లేకుండా లంబసింగి నుంచి అనంతగిరి దాకా

డిసెంబరు వచ్చిందంటే విశాఖ నుంచి మన్యం వైపు కార్లు బారులు తీరతాయి. నర్సీపట్నం మీదుగా లంబసింగి, అక్కణ్నుంచి చింతపల్లి, పాడేరు, వంజంగి, ఆపైన అరకు, చివరికి అనంతగిరి ఘాట్ దిగి మళ్లీ విశాఖ. తీరిగ్గా తిరిగితే నాలుగు రోజుల చుట్టు. దారి పొడవునా తిండికి లోటు లేదు గానీ దొరికేదంతా ఇడ్లీ, ఉప్మా, మ్యాగీ, పకోడీ, మొక్కజొన్న పొత్తు. షుగరు వల్లనో, బరువు వల్లనో అన్నం మానేసి రోజుకు 50 గ్రాముల లోపు కార్బ్స్‌తో (పిండిపదార్థాలతో) నడుపుకొస్తున్నవాళ్లకు ఇందులో ఆమ్లెట్టు, బొంగు చికెన్ తప్ప మిగతావేవీ పనికిరావు. అలాంటివాళ్లు తిండి మూట ఇంటినుంచే కట్టుకోవాలి. ఆ మూట సరిగ్గా కట్టడం వస్తే తుఫాను రోజుల్లో కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏం ఉంచుకోవాలో కూడా తెలిసిపోతుంది. రెండింటి లెక్కా ఒకటే.

ముందు రోజు: మూట కట్టడం

ఒక్కో రోజుకు ఒక గుడ్డ సంచి, మీద మార్కర్‌తో అంకె. ఒకటో సంచిలో త్వరగా పాడయ్యేవి, రెండులో ఒకటి రెండు రోజులు ఆగేవి, మూడులో పొయ్యి ఉంటే బాగుండేవి, నాలుగులో పొయ్యి, నీళ్లు లేకపోయినా తినగలిగేవి. ఐదో సంచి నాలుగోదానికి నకలు. దాన్ని తెరవకుండానే ఇంటికి తేవాలి. ఘాట్‌లో చెట్టు పడి దారి మూసుకుపోతేనో, బండి ఆగిపోతేనో, ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటేనో తప్ప దాని ముడి విప్పకూడదు.

నాలుగో సంచి లెక్క ముందు చూద్దాం, అసలు కథంతా అక్కడే ఉంది. మనిషికి ఒక రోజుకు వేయించిన వేరుశనగ గుళ్లు 100 గ్రాములు, బాదం 40, ఎండుకొబ్బరి 40, గుమ్మడి గింజలు 40, నువ్వుల పొడి 30, డబ్బా చీజ్ 50, నెయ్యి 50. మొత్తం 350 గ్రాములు. ఇందులో సుమారు 2,000 కేలరీలు ఉంటాయి. పీచు తీసేస్తే మిగిలే పిండిపదార్థం 20 నుంచి 22 గ్రాములు. అవే కేలరీలు బియ్యంలో కావాలంటే 570 గ్రాముల బియ్యం మోయాలి. దాన్ని ఉడికించడానికి నీళ్లు, గ్యాసు, గిన్నె, గిన్నె కడగడానికి మళ్లీ నీళ్లు. గ్రాము కొవ్వులో 9 కేలరీలు, గ్రాము పిండిలో 4. అన్నం లేని మూట తేలికగా ఉండడానికి కారణం ఇదే. చాలామంది లో కార్బ్ అనగానే మాంసం ఎక్కువ కట్టుకుంటారు. మాంసం బరువు, తడి, వాసన, పైగా పాడవుతుంది. మూటను నిలబెట్టేది నెయ్యి, గింజలు, కొబ్బరి.

వేరుశనగ గుళ్లలో ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పోదు. దోరగా వేయించి, పొట్టు ఊది, పూర్తిగా చల్లారాకే సంచిలో పోయాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి రెండో రోజుకే మెత్తబడతాయి. జీడిపప్పు తీసుకోవద్దు. వంద గ్రాముల బాదంలో పీచు పోగా 9 గ్రాముల పిండి ఉంటే, అంతే జీడిపప్పులో 27 దాకా ఉంటుంది.

పొడుల దగ్గర పొరపాటు ఎక్కువ జరుగుతుంది. కందిపొడి, పుట్నాలు వేసి కొట్టిన కారప్పొడి రెండూ సగానికి పైగా పిండే. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి, కొబ్బరి కారం, కరివేపాకు పొడి ఫరవాలేదు గానీ కరివేపాకు పొడిలో శనగపప్పు, మినప్పప్పు వేయకుండా ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లి, చింతపండు రేకతో సరిపెట్టాలి. ఆవకాయ భేషుగ్గా పనికొస్తుంది, ఒక్క బెల్లం ఆవకాయ తప్ప. చల్ల మిరపకాయలు మంచివే. అప్పడాలు, గుమ్మడి వడియాలు మినప్పిండివి కాబట్టి వద్దు. బజారులో దొరికే మసాలా పల్లీల చుట్టూ శనగపిండి పూత ఉంటుంది. సూప్ పొట్లాల్లో మొక్కజొన్న పిండి, చక్కెర. పాలపొడిలో మూడో వంతుకు పైగా లాక్టోజ్ అనే పాల చక్కెరే. చక్కెర లేని ప్రొటీన్ బార్లలో తీపికి మాల్టిటాల్ వేస్తే రెండు తిన్నాక కడుపు ఉబ్బి పరుగు తీయించడం ఖాయం. కొండ మీద టెంటులో ఆ పరుగు ఎక్కడికని! చిరుధాన్యాలు కూడా లో కార్బే అనుకునేవాళ్లు బోలెడుమంది. రాగుల్లో పిండిపదార్థం నూటికి 70 పైనే. మంచి ఆహారం కావచ్చు గానీ ఈ లెక్కలోకి రాదు.

మాంసం తినేవాళ్లకు మూడో సంచిలోకి ఉప్పుకండం. తెలంగాణలో తునకలు, ఒరుగులు అంటారు. ఎముక, కొవ్వు లేని మేక మాంసం కిలో తీసుకుని వేలెడు పొడవు, పావు అంగుళం మందం పేలికలుగా కోసి, 50 గ్రాముల ఉప్పు, చెంచాడు పసుపు, రెండు చెంచాల కారం, కాస్త అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్నాడు దారానికి గుచ్చి, మీద పల్చటి గుడ్డ కప్పి ఎండలో కట్టాలి. నాలుగు రోజుల గట్టి ఎండ పడితే వంచగానే పటుక్కున విరుగుతుంది. వంగి సాగిందంటే ఇంకా తడి ఉందన్నమాట. కొవ్వు ముక్క మిగిలితే అదే ముందు కంపు కొడుతుంది. ఇది వేసవి పని. కార్తీకంలో మబ్బు పట్టిన రోజుల్లో మొదలుపెడితే ఎండేలోగా పురుగు పడుతుంది. అప్పుడు ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర, తలుపు కొద్దిగా తెరిచి ఎండబెట్టడం మేలు. కిలో మాంసం మూడో వంతుకు దిగిపోతుంది. తినేముందు నూనెలో వేయించాల్సిందే, పచ్చిగా నమలకూడదు.

ఉప్పుకండం కుదరకపోతే చికెన్ పచ్చడి. ముక్కల్లోని నీరంతా ఇగిరి, నూనెలో గట్టిగా వేగాలి. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా చిటపట ఆగేదాకా వేగాలి. నిమ్మరసం చల్లారాకే పోయాలి. సీసాలో ముక్కల మీద అరంగుళం నూనె తేలాలి. తడి ఉన్న వండిన మాంసాన్ని వాక్యూమ్ ప్యాకింగ్ చేసి ఫ్రిజ్ లేకుండా మోసుకెళ్లడం మాత్రం చేయకూడదు. గాలి లేని తడి చోటే బోట్యులిజం సూక్ష్మజీవికి ఇష్టమైన చోటు. అది వాసన రాకుండానే విషం కక్కగలదు.

నెయ్యికి వెడల్పు మూతి, మరలు బిగిసే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మంచిది. అయిదింట నాలుగు వంతులే నింపి, మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించి, డబ్బాను ఇంకో కవర్లో నిలబెట్టాలి. వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరేసరికి బయటి గాలి ఒత్తిడి పదో వంతుకు పైగా తగ్గుతుంది. చిప్స్ పొట్లాలు ఉబ్బేదీ, వదులు మూత స్టీలు డబ్బాలు కక్కేదీ అందుకే. గింజల కవర్లలో గాలి నొక్కి తీసేసి మూయాలి.

మొదటి రోజు: విశాఖ – నర్సీపట్నం – లంబసింగి

పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి లంబసింగి చేరొచ్చు. నర్సీపట్నం దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కణ్నుంచి 30 కిలోమీటర్లు. ఊరు చిన్నదే. కాఫీ, మిరియాల తోటలు, ఇటీవల స్ట్రాబెర్రీ మళ్లు, సాయంత్రం నాలుగు దాటాక కిందికి దిగే మంచు.

ఈ రోజంతా ఐస్ బాక్స్ తిండి. పనీర్, ఉడికించిన గుడ్లు, కీరా, పెరుగు. రెండు లీటర్ల నీళ్ల సీసాలను ముందు రోజే గడ్డ కట్టించి పెట్టెలో అడుగున పరిస్తే వేరే ఐసు అక్కర్లేదు. కరిగాక ఆ నీళ్లే తాగొచ్చు. రాత్రికి వండే చికెన్‌కి ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం పట్టించి, పల్చగా పరిచి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి తెస్తే అదీ ఐసు ముక్కలా పనిచేస్తుంది. ఆ పొట్లం మాత్రం అడుగునే ఉండాలి. పైన పెడితే కారే నీళ్లు పనీర్‌కి అంటుకుంటాయి.

ఉడికిన గుడ్డు బయట రెండు గంటలు మించి ఉంచకూడదు. పచ్చి గుడ్డుకి ఆ బాధ లేదు. కడగని గుడ్లు చలికాలంలో వారం పైన నిలుస్తాయి. కాబట్టి ఉడికించినవి దారిలో తినేయడానికి మాత్రమే, మిగతావి పచ్చివే గుడ్ల పెట్టెలో ఊకో, చింపిన కాగితమో కుక్కి తీసుకెళ్లాలి. కొందరు మురికిగా ఉన్నాయని బయలుదేరే ముందు కడుగుతారు. కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి. కడిగేది పగలగొట్టే ముందే. అనుమానం వస్తే నీళ్లలో వేయాలి. తేలిందా, పారేయడమే.

మధ్యాహ్నం దారిలో టీ కొట్టు దగ్గర ఆగితే ఒక్క కప్పులో రెండు చెంచాల చక్కెర, అంటే పది గ్రాములు. రోజు మొత్తం కోటాలో అయిదో వంతు. చక్కెర లేకుండా కాఫీ అడిగితే ఇస్తారు గానీ కొన్నిచోట్ల పాలల్లోనే ముందుగా కలిపేసి ఉంటుంది, అడిగి చూడాలి.

రాత్రి టెంటు దగ్గర బొగ్గుల మీద చికెన్, పక్కన నేతిలో వేయించిన పనీర్, కీరా. మిగిలిన పనీర్‌ని రేపటికి దాచాలనిపిస్తుంది. ఐసు కరిగిపోయి ఉంటే దాచొద్దు. తిన్న ఎముకలు, నూనె కాగితాలు టెంటులో ఉంచకూడదు. తిండి సంచులన్నీ కారులోకి. తూర్పు కనుమల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. అవి రాకపోయినా ఊరకుక్కలు తప్పకుండా వస్తాయి.

రెండో రోజు: లంబసింగి – తాజంగి – చింతపల్లి – పాడేరు

తెల్లవారుజామున లంబసింగిలో చలి కొన్ని ఏళ్లలో సున్నాకు దగ్గరగా దిగుతుంది. అప్పుడే పొయ్యి మొరాయిస్తుంది. బజారులో దొరికే చిన్న గ్యాసు డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. అది సున్నాకు అర డిగ్రీ కింద గానీ మరగడం ఆపదు గానీ, నాలుగైదు డిగ్రీల చలిలోనే డబ్బాలో ఒత్తిడి పడిపోయి మంట మినుకుమంటుంది. మండుతున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడి మరీ నీరసిస్తుంది. రాత్రి డబ్బాను దుప్పట్లో పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే వెలుగుతుంది. ప్రొపేన్ కలిసిన డబ్బా దొరికితే ఇంకా మంచిది. వేడి నీళ్లలో ముంచడం, మంట దగ్గర పెట్టడం ప్రమాదం. చలికి తట్టుకోలేక టెంటు లోపల స్టవ్వు గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

లీటరు నీళ్లు మరగడానికి సుమారు 15 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది, గాలి వీస్తే రెట్టింపు. 220 గ్రాముల డబ్బా ఇద్దరికి ఈ నాలుగు రోజులకూ సరిపోతుంది, అన్నం వండనక్కర్లేదు కాబట్టి. ఈ ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల లోపే మరుగుతాయి. గుడ్లు గట్టిగా ఉడకాలంటే ఇంటి లెక్కకు ఒకటి రెండు నిమిషాలు కలపాలి.

నెయ్యి గట్టిపడి చెంచా దిగదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల కిందే గడ్డ కడుతుంది. రెండింటినీ ముందే చెంచాలెక్కన చిన్న చిన్న అచ్చుల్లో గడ్డ కట్టించి తెచ్చుకుంటే ఒక్కో ముక్క తీసి పెనం మీద వేయడమే. పెనంలో రెండు ముక్కల నెయ్యి, సన్నగా తరిగిన క్యాబేజీ గుప్పెడు, మనిషికి మూడు గుడ్లు, ఉప్పు, మిరియాల పొడి. అయిదు నిమిషాల పని. ఆకుకూరలు రెండో రోజుకే వడలిపోతాయి. క్యాబేజీ నాలుగో రోజుకూ నవనవలాడుతుంది, పైగా పచ్చిగానూ తినొచ్చు. క్యాప్సికం కూడా నిలుస్తుంది.

తాజంగి జలాశయం దగ్గర, లంబసింగి తోటల దగ్గర స్ట్రాబెర్రీలు తోట నుంచే కోసి అమ్ముతారు. వంద గ్రాముల్లో పీచు పోగా ఆరు గ్రాముల పిండిపదార్థమే. గుప్పెడు తింటే తప్పేమీ లేదు. ఈ దారి మొత్తంలో లో కార్బ్ మనిషి నిశ్చింతగా తినగల తీపి ఇదొక్కటే. కొట్టులో పెట్టే క్రీము, చక్కెర పాకం వద్దని చెప్పాలి.

మధ్యాహ్నానికి చింతపల్లి, సాయంత్రానికి పాడేరు. ఇప్పుడు ఈ ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం, 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడ్డప్పటి నుంచి. మందుల షాపులు, ఆసుపత్రి, ఏటీఎం ఉన్నాయి. ఏదైనా మరచిపోతే కొనుక్కోవాల్సింది ఇక్కడే. గుడ్లు, నిమ్మకాయలు, టమాటాలు కూడా ఇక్కడే నింపుకోవచ్చు. రాత్రికి హోటల్లో తినాలనుకుంటే చిల్లీ చికెన్, చికెన్ 65 లాంటివాటికి మొక్కజొన్న పిండి పూత ఉంటుందని గుర్తుపెట్టుకుని, మామూలు వేపుడు అడగాలి.

రెండో రోజుకల్లా చాలామందికి మలబద్ధకం మొదలవుతుంది. నీళ్లు తక్కువ తాగడం, కూర తగ్గడం, చలి. రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు లేకుండా ఇసబ్‌గోల్ మింగితే గొంతులోనే ఉబ్బి ఇరుక్కుంటుంది.

మూడో రోజు: వంజంగి, అక్కణ్నుంచి అరకు

వంజంగి కొండ మీద మేఘాల మధ్య సూర్యోదయం చూడాలంటే నాలుగింటికే ఎక్కడం మొదలుపెట్టాలి. చీకటి, రాళ్ల దారి, టార్చి వెలుగు. కడుపు నిండా తిని ఎక్కలేం. చక్కెర లేని బ్లాక్ కాఫీలో ఒక పెద్ద చెంచా నెయ్యి గిలకొట్టి తాగడం లో కార్బ్ వాళ్లలో వాడుకే. అలవాటు లేనివాళ్లు ఇక్కడే మొదటిసారి తాగితే సగం కొండ మీద కడుపు కదులుతుంది. ఇంట్లో పావు చెంచాతో మొదలుపెట్టి అలవాటు చేసుకున్నవాళ్లకే ఇది. అసలు లో కార్బ్‌నే ఈ ప్రయాణంలో మొదలుపెట్టకూడదు. ఒళ్లు కొవ్వు మీద నడవడం నేర్చుకోవడానికి కనీసం రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపల కొండెక్కితే కాళ్లు బరువెక్కి, తల తిరిగి, "ఈ తిండి పడలేదు" అంటారు.

ఆ తల తిరగడానికి ఎక్కువసార్లు కారణం ఉప్పు. పిండి తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచవు. దానికి చెమట తోడైతే తలనొప్పి, పిక్కలు పట్టేయడం, లేవగానే కళ్లు తిరగడం. వట్టి నీళ్లు ఎంత తాగితే ఒంట్లోని ఉప్పు అంత పలచబడుతుంది తప్ప బాధ తగ్గదు. లీటరు నీళ్లలో ఒక నిమ్మకాయ, అర చెంచా ఉప్పు, అంటే మూడు గ్రాముల దాకా, కలుపుకుని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గుక్కలుగా తాగాలి. దిగాక ఆవకాయ ముక్క నాలుక మీద పెట్టుకుంటే ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ ఉప్పు లెక్క తమ డాక్టరుతో మాట్లాడాకే.

విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఈ నిమ్మకాయ నీళ్లు చాలవు. ఓఆర్ఎస్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అది రుచికి వేసింది కాదు. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగానే లోపలికి వెళ్తాయి, నీళ్లు వాటి వెంట వెళ్తాయి. కార్బ్స్ అని భయపడి ఓఆర్ఎస్ మానేసి ఉప్పు నీళ్లతో గడిపితే ఒంట్లో నీరు నిలవదు. మనిషికి రెండు పొట్లాలు ఐదో సంచిలో ఉండాల్సిందే. పొట్లం మీద రాసినన్ని నీళ్లే కలపాలి, కొద్ది నీళ్లలో చిక్కగా కలిపితే విరేచనం ఇంకా పెరుగుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి షుగరు మందులది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం మానేసి, పైగా కొండెక్కితే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. వణుకు, చెమట, గుండె దడ, మాట తడబడడం. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి, పెరగకపోతే మళ్లీ అంతే. గింజలు, చీజ్ అప్పుడు పనికిరావు, కొవ్వు అరగడమే ఆలస్యం. కాబట్టి బియ్యం లేని ఈ మూటలో కూడా గ్లూకోజు డబ్బా ఉండాలి, అదీ ఎక్కే మనిషి జేబులో ఉండాలి, కారులో కాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవాళ్లకు ముప్పు ఇంకోలా వస్తుంది. వాటి మీద ఉండి పిండి బాగా తగ్గిస్తే, షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే మీటరులో అంకె బాగానే ఉందని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మందుల మోతాదు బయలుదేరే ముందే డాక్టరుతో సరిచేయించుకోవాలి. గ్లూకోమీటరు, స్ట్రిప్స్ మరీ చలిలో తప్పు చూపిస్తాయి లేదా పనిచేయవు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగినా పనికిరాదు. రెండూ ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉండాలి.

కొండ దిగి, పాడేరు నుంచి హుకుంపేట మీదుగా అరకు. మధ్యాహ్నం బొంగు చికెన్. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, నీళ్లు పోయరు, వెదురులోని తడే ఆవిరై ఉడికిస్తుంది. బొంగు పైన నల్లగా మాడి, మూతి దగ్గర ఆవిరి చిమ్మితే అయినట్టు. విరిచి ఆకులో పోయించుకున్నాక పెద్ద ముక్క ఒకటి తుంచి ఎముక దగ్గర ఎర్రగా లేదని చూసుకోవాలి, రద్దీ రోజుల్లో తొందరపడి దింపేస్తారు. నూనె లేదు కాబట్టి మన సంచిలోని నెయ్యి ఒక చెంచా మీద వేసుకుంటే పూట గడిచిపోతుంది. బొంగు బిర్యానీ పక్కవాళ్లకు వదిలేయాలి.

రాత్రికి ఉప్పుకండం నేతిలో వేయించి, క్యాబేజీతో. ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆ నీళ్లు పారేస్తే ఉప్పు తగ్గుతుంది. శాకాహారులు టమాటా, చీజ్ వేయించుకుని పైన నువ్వుల పొడి చల్లుకోవచ్చు.

నాలుగో రోజు: గాలికొండ – అనంతగిరి – బొర్రా – విశాఖ

ఈ రోజు స్టవ్వు కట్టేసి డిక్కీలో పడేయాలి. నాలుగో సంచి మీదే గడపాలి. వాన పడిందంటే ఈ ఘాట్‌లో కొండచరియలు జారడం మామూలే. అలాంటప్పుడు కారులో కూర్చుని ఏం తినగలమో ముందే తెలియడం మంచిది.

తింటుంటే తేలే సంగతులు కొన్ని ఉన్నాయి. పొడి గింజలు అరగంట నమిలాక దవడ నొప్పి పుడుతుంది, దాహం వేస్తుంది. పెద్దవాళ్లకు, పళ్లు కట్టించుకున్నవాళ్లకు బాదం కొరకడం కుదరదు. వాళ్ల సంచిలో వేరుశనగ, నువ్వులు, ఎండుకొబ్బరి కలిపి ఉప్పేసి ముద్దగా రుబ్బి చిన్న డబ్బాలో పెట్టాలి. నెయ్యి వట్టిగా ఎవరూ తినలేరు. కొబ్బరి కారంలోనో, ఆ ముద్దలోనో కలిపితే 50 గ్రాములూ తెలియకుండా చెల్లిపోతుంది. డబ్బా చీజ్ కోసిన రోజే అయిపోవాలి కాబట్టి పెద్ద డబ్బా ఇద్దరికి దండగ. ఎండు రొయ్యల పొడి రుచికి సాటి లేదు గానీ అద్దాలు మూసిన కారులో దాని మూత తెరవకపోవడమే మర్యాద.

బొర్రా గుహల వాకిట్లో కోతులున్నాయి. చేతిలో కవరు కనిపిస్తే చాలు, లాక్కుపోతాయి. తిండి కారులోనే, అద్దాలు పూర్తిగా ఎత్తి. గుహల్లోకి నీళ్ల సీసా ఒక్కటి చాలు. శృంగవరపుకోట దిగేసరికి ఎండ తగులుతుంది, గడ్డ కట్టిన నెయ్యి మళ్లీ కరుగుతుంది, కాబట్టి అనంతగిరిలోనే మూతలు బిగించుకోవాలి.

ఇంటికి చేరాక: ఐదో సంచి

తెరవని ఐదో సంచి తుఫాను పెట్టెకు మొదటి ఇటుక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటాక నగరంలో చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు, పాలకు, నీళ్లకు బారులు తీరారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు పడవల్లో, డ్రోన్లతో తిండి పొట్లాలు అందించారు. అలాంటి వేళ అందేది పులిహోర, సాంబారన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు. ఆకలికి అవే దిక్కు, దొరికితే తినాల్సిందే. కానీ ఇంట్లో షుగరు మనిషి ఉంటే మూడు రోజుల సొంత తిండి అటకమీద ఉండడం వేరు.

నలుగురికి మూడు రోజులంటే పన్నెండు సంచులు. నాలుగో సంచి లెక్కను పన్నెండుతో హెచ్చిస్తే వేరుశనగ 1.2 కిలోలు, బాదం, ఎండుకొబ్బరి, గుమ్మడి గింజలు తలా అరకిలోకి కాస్త తక్కువ, నువ్వుల పొడి 360 గ్రాములు, నెయ్యి, చీజ్ చెరో 600 గ్రాములు. మొత్తం నాలుగు కిలోల పైచిలుకు. చీజ్ పూటకు సరిపడే చిన్న డబ్బాల్లో తీసుకోవాలి, డబ్బా విప్పే కత్తి దానికే కట్టి ఉంచాలి. తాగడానికి, మందులకు, చేతులకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, అంటే 48 లీటర్లు. బియ్యం లేదు కాబట్టి ఇందులో వంట నీళ్లు కలపలేదు. నీళ్ల మీద అనుమానం ఉంటే తెర్ల కాగాక ఒక నిమిషం మరగనివ్వాలి. వరద నీళ్లలో మురుగు, రసాయనాలు కలిసి ఉంటాయి, మరిగించినా తాగకూడదు.

వేయించిన పల్లీలు, కొబ్బరి, నువ్వుల పొడి మూడు నెలలకు మించి నిలవవు. ముక్కి, నూనె కంపు కొడతాయి. పల్లీలు వేయించకుండా గాలి చొరని డబ్బాలో ఉంచి, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు వేయించుకోవడం ఒక ఉపాయం. మే నెలలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి బంగాళాఖాతం కలతపడుతుంది. ఉగాదికి, దసరాకి పెట్టె దింపి, పాతది వంటింట్లో వాడేసి కొత్తది నింపితే రెండు కాలాలకూ సరిపోతుంది. గ్లూకోమీటరు స్ట్రిప్స్ గడువు, ఓఆర్ఎస్ గడువు అప్పుడే చూసుకోవాలి. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ లేనప్పుడు తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండ ఉపయోగపడుతుంది. సీసాను కవర్లో మూసి కుండలో ఉంచి, ఇసుకను తడుపుతూ ఉండాలి.

కరెంటు పోయిన మొదటి గంటలోనే పెట్టె తెరవకూడదు. ముందు ఫ్రిజ్ ఖాళీ చేయాలి. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు, నిండా ఉన్న ఫ్రీజర్‌లో రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు నిలుస్తుంది. మొదట పనీర్, పెరుగు, వండిన కూరలు. తర్వాత ఫ్రీజర్‌లోని మాంసం, అదీ ముట్టుకుంటే ఇంకా గడ్డగా ఉన్నంతసేపే. ఆ తర్వాత గుడ్లు, క్యాబేజీ. ఇవి అయ్యాకే మొదటి సంచి.